మిల్ట్ జాక్సన్ ‘సన్‌ఫ్లవర్’ (1973): ఆ వయొలిన్లు లేకపోతే ఇంకా బాగుండేదా?

బెజవాడ_రికార్డులు

హార్డ్ బాప్ (1950ల నాటి ఒక జాజ్ శైలి) చర్చలో నేను ఈ ఆల్బమ్ పేరెత్తగానే మంద్రం గారు “అది జాజా, లిఫ్టులో వేసే సంగీతమా?” అని తీసిపారేశారు. అక్కడ విషయం పక్కదారి పడుతోందని నిర్వాహకులు ఆపేశారు. అందుకని ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నా. ఎంతసేపు పోట్లాడుకున్నా అడిగేవాళ్ళు లేరు.

తెలియనివాళ్ళ కోసం ముందు వివరాలు. 1972 డిసెంబరు 12, 13 తేదీల్లో న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డు చేశారు. మరుసటి ఏడు సీటీఐ కంపెనీ విడుదల చేసింది. నిర్మాత క్రీడ్ టేలర్. వైబ్రాఫోన్ (లోహపు పట్టీలను సుత్తులతో కొట్టి వాయించేది) మిల్ట్ జాక్సన్, ట్రంపెట్, ఫ్లూగల్‌హార్న్ ఫ్రెడీ హబర్డ్, పియానో హెర్బీ హాన్‌కాక్, బాస్ రాన్ కార్టర్, డ్రమ్స్ బిల్లీ కాబమ్, గిటార్ జే బెర్లినర్, పర్కషన్ రాల్ఫ్ మెక్‌డొనాల్డ్. వీళ్ళకు తోడు వయొలిన్లు, వుడ్‌విండ్స్ (ఫ్లూటు లాంటి ఊదే వాయిద్యాలు) రాసి నడిపించింది డాన్ సెబెస్కీ. ఉన్నవి నాలుగే నాలుగు పాటలు. మొదటి వైపు రెండు నిదానమైనవి: జాక్సన్ సొంతంగా రాసుకున్న ‘ఫర్ సమ్‌వన్ ఐ లవ్’, ఆ తర్వాత మిషెల్ లెగ్రాండ్ సినిమా పాట ‘వాట్ ఆర్ యూ డూయింగ్ ద రెస్ట్ ఆఫ్ యువర్ లైఫ్’. రెండో వైపు ‘పీపుల్ మేక్ ద వరల్డ్ గో రౌండ్’, ‘సన్‌ఫ్లవర్’.

నా వాదన ఒక్కటే. ఈ రికార్డులో ఉన్న సోల్ అంతా జాక్సన్ చేతుల్లోంచీ, ఆ వాయిద్యం కింద తిరిగే మోటారు వేగంలోంచీ వచ్చింది. చుట్టూ వయొలిన్లు ఉన్నాయా, ఆర్గన్ ఉందా అన్నది తర్వాతి సంగతి. ఆర్గన్ లేదు కాబట్టి సోల్ జాజ్ కాదు అనేవాళ్ళు వినకుండానే తీర్పు చెబుతున్నారని నా ఉద్దేశం.

మంద్రం72

వినకుండా చెప్పే అలవాటు నాకు లేదు తమ్ముడూ. చాలాసార్లు విన్నాకే చెబుతున్నా.

సోల్ జాజ్ అంటే నీకూ నాకూ తెలుసు. 1956లో జిమ్మీ స్మిత్ హామండ్ ఆర్గన్ పట్టుకుని బ్లూ నోట్ రికార్డు కంపెనీలోకి వచ్చాక, నల్లవారి పేటల్లోని చిన్న చిన్న క్లబ్బుల్లో పెరిగిన సంగీతం అది. ముగ్గురో నలుగురో వాయించేవాళ్ళు. ఒక పక్క చర్చి, ఒక పక్క బ్లూస్. జనం తాగుతూ, అరుస్తూ, కాలు కదుపుతూ వినేది. వైబ్రాఫోన్‌తోనే అది కావాలంటే జానీ లైటిల్ ఉన్నాడు. ఓహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వాడు, మొదట డ్రమ్మరు, కుర్రతనంలో బాక్సింగ్ కూడా చేశాడు. 1963 నాటి ‘ద విలేజ్ కాలర్’ పెట్టి చూడు. మిల్ట్ హ్యారిస్ ఆర్గన్, పెపీ హినంట్ డ్రమ్స్. మొదటి పాటకే గదిలో వేడి పుడుతుంది. అందులో ఒక్క వయొలిన్ వినపడదు.

సీటీఐ వాళ్ళు చేసిందేమిటి? ఇంతటి ఆటగాళ్ళను కూచోబెట్టి, వాళ్ళు వాయించాక దానిమీద పాకం పోశారు. పెసరట్టు మీద చక్కెర పాకం. రెండూ విడివిడిగా మంచివే, కాదనను.

జాక్సన్ సోల్ వాయించలేదని కూడా అనను. 1957లో ‘ప్లెంటీ, ప్లెంటీ సోల్’ చేశాడు. రే చార్ల్స్‌తో ‘సోల్ బ్రదర్స్’ చేశాడు. అవి వదిలేసి దీన్ని నెత్తిన పెట్టుకోవడం దేనికి అన్నదే నా ప్రశ్న.

వాల్తేరు_వినికిడి

‘సోల్ బ్రదర్స్’ పేరెత్తారు కాబట్టి చిన్న ముచ్చట. ఆ రికార్డులో రే చార్ల్స్ ఆల్టో శాక్సఫోన్ కూడా వాయించాడు, జాక్సన్ పియానో, గిటార్ కూడా వాయించాడు. ఇద్దరూ సొంత ఇంట్లో ఉన్నంత తీరిగ్గా ఉంటారు అందులో. కాబట్టి జాక్సన్‌కి ఆ భాష 1972లో కొత్తగా రాలేదు.

నాకు ఈ మనిషి పరిచయమైంది షార్ట్‌వేవ్ రేడియోలో. వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కొనోవర్ జాజ్ కార్యక్రమం వచ్చేది. గాలి అనుకూలిస్తే విశాఖలో బాగానే వినపడేది, లేకపోతే సముద్రం హోరూ రేడియో హోరూ ఒకటే. కొనోవర్ ఇంగ్లీషు నింపాదిగా ఉండేది, మా బోటి వాళ్ళకు కూడా ప్రతి మాటా అందేది. అక్కడ విన్నది జాక్సన్ వాయించే నలుగురి బృందం, మోడర్న్ జాజ్ క్వార్టెట్. నల్ల సూట్లు, కచేరీ హాళ్ళు, పియానో వాయించే జాన్ లూయిస్ పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో కట్టిన ఫ్యూగులు. ఎంత మర్యాదగా ఉండేదో. ఆ మర్యాద మధ్యలో ఒక మనిషి మాత్రం బ్లూస్ వాయిస్తున్నాడనిపించేది. అతనే జాక్సన్.

డెట్రాయిట్ వాడు, 1923 జనవరి 1న పుట్టాడు. చిన్నప్పుడు చర్చిలో గాస్పెల్ పాడాడు. 1945లో ట్రంపెట్ వాయించే డిజీ గిలెస్పీ అతన్ని డెట్రాయిట్‌లో విని వెంట తీసుకెళ్ళాడు. 1948లో పియానిస్టు థెలోనియస్ మంక్‌తో బ్లూ నోట్‌కు రికార్డు చేశాడు. ఆ చర్చి పాట అతని చేతిలోంచి ఎప్పుడూ పోలేదు. క్వార్టెట్‌లో జాన్ లూయిస్ గీసిన గీతల మధ్య వాయించాలి, సొంత రికార్డులకు వచ్చేసరికి ఊపిరి పీల్చుకోవాలి. ‘సన్‌ఫ్లవర్’ చేసేనాటికి ఆ ఉక్కపోత బాగా ముదిరింది. 1974లో అతను బయటికి రావడంతో క్వార్టెట్ ఆగిపోయింది. డబ్బూ కారణమే, స్వేచ్ఛా కారణమే. మళ్ళీ కలిసింది 1981లో.

అందుకని మంద్రం గారూ, ఈ రికార్డును క్లబ్బు సంగీతంతో పోల్చడంకంటే, ఆ సూటు విప్పి పక్కన పెట్టిన మనిషి ఏం వాయించాడో వినండి.

మంద్రం72

మాస్టారూ, సూటు విప్పి సెబెస్కీ ఇచ్చిన శాలువా కప్పుకున్నాడుగా :)

టేపుహెడ్

బెజవాడ అన్న “మోటారు వేగం” అన్నాడు కదా, ఆ ముక్క దగ్గర కాసేపు ఆగుదాం. చాలామందికి ఈ వాయిద్యం ఎలా పనిచేస్తుందో తెలియదు.

వైబ్రాఫోన్‌లో పియానో మెట్ల వరసలో అల్యూమినియం పట్టీలు ఉంటాయి, మామూలుగా మూడు ఆక్టేవులు. ప్రతి పట్టీ కింద ఒక గొట్టం వేలాడుతుంది, అది నాదాన్ని పెంచుతుంది. ఆ గొట్టాల నోటి దగ్గర చిన్న గుండ్రటి బిళ్ళలు, అన్నీ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. చివర ఎలక్ట్రిక్ మోటారు ఆ ఇరుసును తిప్పుతుంది. బిళ్ళ అడ్డం తిరిగితే గొట్టం మూసుకుంటుంది, నాదం తగ్గుతుంది. నిలువుకు వస్తే తెరుచుకుంటుంది, నాదం పెరుగుతుంది. మనం వినే ఆ “వాంగ్... వాంగ్...” అదే. స్వరం పైకీ కిందికీ ఊగదు, శబ్దం పెరిగి తగ్గుతుంది అంతే. కింద పియానోకున్నట్టు ఒక పెడల్ ఉంటుంది. కాలు తీస్తే ఫెల్టు పట్టీ వచ్చి అన్నిటినీ ఒకేసారి నొక్కి ఆపేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వాయిద్యాన్ని జాజ్‌లో నిలబెట్టిన లయనెల్ హాంప్టన్ మోటారును సెకనుకు సుమారు 10 చుట్లు తిప్పేవాడు. జాక్సన్ దాన్ని సుమారు 3.3కు తగ్గించాడు. హాంప్టన్ స్వరం గలగల వణుకుతుంది, హుషారుగా ఉంటుంది. జాక్సన్ స్వరం నిదానంగా ఉబ్బి, తగ్గి, మళ్ళీ ఉబ్బుతుంది. మనిషి గొంతు దీర్ఘం తీసినప్పుడు ఉండే ఊపుకు అది దగ్గర. ‘ఫర్ సమ్‌వన్ ఐ లవ్’లో అతను ఒక స్వరం కొట్టి వదిలేసిన చోట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. తర్వాతి స్వరం ఎక్కడ పడుతుందో చూడండి. ఆ ఊపు ఎంతసేపు పలకాలో అంతసేపూ పలకనిచ్చి గానీ ఇంకో దెబ్బ వేయడు. అదీ రెండు సుత్తులతోనే. తర్వాత గ్యారీ బర్టన్ లాంటివాళ్ళు నాలుగు సుత్తులు పట్టి, మోటారు ఆపేసి, పియానోలా వాయించారు. జాక్సన్ మాత్రం రెండు చేతుల్లో రెండిటితో, ఒక పాట పాడుతున్నట్టే వాయించాడు.

స్టూడియో మాటకొస్తే, సీటీఐ పద్ధతి తెలిసిందే. ముందు చిన్న బృందం వాయించేది, వయొలిన్లు తర్వాత వేరే రోజు కలిపేవాళ్ళు. మంద్రం అన్నకు వినపడే ఆ “పాకం” వట్టి భ్రమ కాదు, పని జరిగిన తీరే అది. కానీ తర్వాత కలిపారు కాబట్టి చెడ్డది అంటే మన సినిమా పాటలు సగానికి సగం అవతల పడెయ్యాలి. నేను తిండి తినేది ఆ పనిమీదే.

కొత్తశ్రోత

అందరికీ హాయ్. నేను హిప్‌హాప్ నుంచి ఇటు వచ్చినవాణ్ణి. నాకు వైబ్రాఫోన్ అంటే రాయ్ ఏయర్స్, ‘ఎవ్రీబడీ లవ్స్ ద సన్‌షైన్’. మేరీ జే బ్లైజ్ ‘మై లైఫ్’లో ఆ ముక్క విని అసలుది వెతుక్కుంటూ వెళ్ళాను. అక్కడినుంచి ఇంకో వైబ్రాఫోన్ ఆయన బాబీ హచర్సన్ ‘మొంటారా’, అక్కడినుంచి ఇది. నాకైతే ‘పీపుల్ మేక్ ద వరల్డ్ గో రౌండ్’ ఒక్కటి చాలు. రాన్ కార్టర్ బాస్ విన్నాక ఇంకేమీ వినబుద్ధి కాలేదు. ఇది సోల్ జాజ్ కాదంటే మరి ఏది అని అడగాలనిపించింది, పెద్దవాళ్ళున్నారని ఆగాను.

బెజవాడ_రికార్డులు

ఆగకు తమ్ముడూ, అడుగు. ఆ పాట మూలం స్టయిలిస్టిక్స్ బృందానిది. ఫిలడెల్ఫియాలో థామ్ బెల్, లిండా క్రీడ్ కలిసి రాశారు. బృందం మొదటి ఆల్బమ్‌లో 1971లో వచ్చింది, 1972లో సింగిల్‌గా వచ్చింది. మాటలు వింటే ఊరి కష్టాలు: చెత్త తీసుకెళ్ళేవాళ్ళు సమ్మెలో ఉన్నారు, బస్సు డ్రైవర్లు సమ్మెలో ఉన్నారు, షేర్ల ధరలు పడిపోయాయి. ఇంత చిరాకునీ తేలిగ్గా, దాదాపు నవ్వుతూ పాడతారు. అదే ఏడాది మైకేల్ జాక్సన్ కూడా ‘బెన్’ ఆల్బమ్‌లో పాడాడు, అప్పటికి పిల్లవాడు. అంటే డిసెంబరులో మిల్ట్ జాక్సన్ స్టూడియోకు వెళ్ళేసరికి అది నల్లవారి ఇళ్ళలో రేడియోలో మోగుతున్న తాజా పాట.

మంద్రం గారూ, క్లబ్బుల్లో జనం కాలు కదిపే సంగీతం అన్నారు. ఆ జనం 1972లో వింటున్న పాటే ఇది. 1963లో వాళ్ళకు ఆర్గన్, పదేళ్ళ తర్వాత ఫిలడెల్ఫియా సోల్, అందులో వయొలిన్లు నిండుగా ఉండేవి. పేట మారలేదు, చెవి మారింది. జాక్సన్ ఆ చెవి వెంట వెళ్ళాడు.

మంద్రం72

ఈ మాట మాత్రం ఆలోచించాల్సిందే. రెండో వైపు గురించి నేను అంత గట్టిగా ఏమీ అనలేదు, పైకి వెళ్ళి చూసుకోండి. నా గొడవంతా మొదటి వైపుతోనే. లెగ్రాండ్ పాట 1969 నాటి సినిమా పాట, ‘ద హ్యాపీ ఎండింగ్’ లోది. సహజంగానే బోలెడంత కన్నీరుంది అందులో. దానికి మళ్ళీ వయొలిన్లు ఎందుకు?

ఎడిసన్_శ్రోత

నేను ఉండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్ మాకు గంటలోపు దూరం, జార్జి వాషింగ్టన్ బ్రిడ్జి దగ్గర. సిల్వన్ అవెన్యూ మీద ఉంది ఆ స్టూడియో. మావాళ్ళు ఆ దారిలో కొరియన్ రెస్టారెంట్లకు వెళ్తారు. పక్కనే శాక్సఫోన్ దిగ్గజం కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ రికార్డు చేసిన చోటు ఉందని చెబితే “అవునా, పార్కింగ్ దొరుకుతుందా?” అన్నాడు మా బావమరిది.

వాన్ గెల్డర్ కథ కూడా గమ్మత్తు. మొదట్లో పగలు కళ్ళ పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టు. హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందు గదిలో రికార్డింగులు చేసేవాడు. 1959లో ఈ స్టూడియో కట్టించుకున్నాక పూర్తిగా ఇటే వచ్చేశాడు. పైకప్పు ఎత్తుగా, కర్రతో ఉంటుంది. ప్రార్థన మందిరంలా ఉంటుందని లోపలికి వెళ్ళినవాళ్ళంతా రాశారు. ఆ ఎత్తుకు వైబ్రాఫోన్ లాంటి మోగే వాయిద్యం ఎలా పలికిందో ఈ రికార్డు వింటే తెలుస్తుంది.

ఒక చిన్న సణుగుడు. ఈ ఎల్పీని ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర “దాదాపు కొత్తది” అంటే కొన్నాను. మెరిసే అట్ట, మధ్యలో తెరుచుకునే కవరు, నిజంగానే కొత్తగా ఉంది. లోపల ప్లేటు మాత్రం అప్పడంలా వంగి ఉంది. మొదటి పాట మొదట్లో సూది ఎగిరి గిటార్ ముక్క మధ్యలోకి దూకుతోంది. డబ్బు వాపసు అడిగితే “మీ టర్న్‌టేబుల్ సరిగా లేదు” అన్నాడు. మీలో ఎవరికైనా ఎల్పీ నిటారుగా చేసే చిట్కా తెలుసా?

టేపుహెడ్

రెండు గాజు పలకల మధ్య పెట్టి ఎండలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. ఇంకా పాడవుతుంది. బరువు కింద, చల్లటి చోట, నెలల తరబడి ఉంచితే కాస్త తగ్గొచ్చు. గ్యారంటీ లేదు. సూది ఎగిరే చోటు మొదట్లోనే కాబట్టి బతికిపోయారు.

కానీ ఆ గిటార్ ముక్క పోగొట్టుకోకూడదు సుమా. జే బెర్లినర్ ఒక్కడే, నైలాన్ తీగల గిటార్‌తో స్పానిష్ పద్ధతిలో మొదలుపెడతాడు. తర్వాత గానీ జాక్సన్ రాడు. ఇదే బెర్లినర్ 1963లో మింగస్ ‘ద బ్లాక్ సెయింట్ అండ్ ద సిన్నర్ లేడీ’లో వాయించాడు, 1968లో వాన్ మారిసన్ ‘ఆస్ట్రల్ వీక్స్’లో వాయించాడు. పేరు ఎవరికీ గుర్తుండదు, వాయించినవి అందరికీ గుర్తుంటాయి.

కృతిప్రియ

ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను. నేను కర్ణాటక వయొలిన్ వాయిస్తాను, పిల్లలకు చెబుతాను. మా తమ్ముడు ‘సన్‌ఫ్లవర్’ పంపి “అక్కా, ఇది ఏ రాగం?” అన్నాడు. ఇంట్లో అందరూ నన్ను ఇదే అడుగుతారు, కుక్కర్ విజిల్‌కి కూడా.

మొదటి భాగం స్వరాలు వరసగా పెడితే అచ్చంగా ఖరహరప్రియ: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. వాళ్ళు దీన్ని డోరియన్ అంటారు. రాగం మాత్రం కాదు. ఖరహరప్రియ అనగానే మనకు త్యాగరాజ స్వామి ‘చక్కని రాజమార్గము’ చెవిలో మెదులుతుంది. అక్కడ గాంధారం ఊగాలి, నిషాదం ఊగాలి, ఆ ఊపులోనే రాగం ఉంది. వైబ్రాఫోన్ పట్టీకి ఆ అవకాశం లేదు. కొట్టిన స్వరం కొట్టిన చోటే ఉంటుంది. జలతరంగం వాయించేవాళ్ళకూ చాలావరకు ఇదే ఇబ్బంది.

అందుకే జాక్సన్ ఏం చేస్తున్నాడా అని జాగ్రత్తగా విన్నాను. గమకం (ఆ స్వరపు ఊపు) బదులు మూడు పనులు చేస్తున్నాడు. అసలు స్వరానికి ముందు పక్క స్వరాన్ని చిటుక్కున తాకి వస్తాడు, మా అనుస్వరానికి దగ్గరగా ఉంటుంది. రెండోది, తాళం కంటే ఒక వెంట్రుక వాసి వెనక పడతాడు, కావాలనే. మూడోది పెడల్. కొన్ని స్వరాలను మోగనిచ్చి, వాటి పక్కవాటిని తుంచేస్తాడు. దానితో ఆ మోగిన స్వరం నోటితో పలికినట్టే ఉంటుంది. టేపుహెడ్ గారు మోటారు గురించి రాసింది చదివాక నాలుగోది కూడా అర్థమైంది.

ఇక మధ్య భాగం. అక్కడ నాకు నిజంగా ఒళ్ళు ఝల్లుమంది. డి (D) స్వరం మీద అంతసేపు నిలబడ్డ పాట ఉన్నట్టుండి అర స్వరం పైకి, ఈ-ఫ్లాట్ (E♭) మీదికి జరుగుతుంది. నాలుగు బార్లు (ఒక్కోటి నాలుగు దెబ్బల లెక్క) అక్కడుండి మళ్ళీ డి మీదికి దిగుతుంది. దిగేది పాత ఇంట్లోకి కాదు. సాధారణ గాంధారం పోయి అంతర గాంధారం, కైశికి నిషాదం పోయి కాకలి నిషాదం. షడ్జమం అదే, గాంధార నిషాదాలు మారిపోయాయి. మళ్ళీ మొదటి భాగానికి వచ్చి సాధారణ గాంధారం వినపడగానే ఎంత చల్లగా ఉందో. మన దగ్గర ఇలా చేస్తే పక్క వాయిద్యం వాళ్ళు చివ్వున తల తిప్పి చూస్తారు.

వాల్తేరు_వినికిడి

కృతిప్రియ గారూ, చాలా రోజుల తర్వాత ఈ వేదికలో ఇంత మంచి పోస్టు చదివాను. తరచూ రాస్తూ ఉండండమ్మా.

ఆ పాట ఫ్రెడీ హబర్డ్‌ది. ‘లిటిల్ సన్‌ఫ్లవర్’ పేరుతో 1967లో అట్లాంటిక్ విడుదల చేసిన ‘బ్యాక్‌లాష్’లో మొదట వచ్చింది. హబర్డ్ అప్పటికే సీటీఐ మనిషి, 1970లో ‘రెడ్ క్లే’తో చేరాడు. జాక్సన్ రికార్డుకు తన పాటే పేరైనా హబర్డ్ ఎక్కడా ముందుకు తోసుకురాడు. ఆ రోజుల్లో హబర్డ్ ట్రంపెట్ ఎంత దూకుడో తెలిసినవాళ్ళకు ఇది విచిత్రంగా ఉంటుంది.

మంద్రం72

అంతకంటే విచిత్రం బిల్లీ కాబమ్. అప్పటికి అతను మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే జాజ్-రాక్ బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన డ్రమ్స్ బద్దలు కొడుతున్నాడు. వాళ్ళ ఆల్బమ్ ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ రికార్డు చేసి కొన్ని నెలలే అయింది. అలాంటివాడు ఇక్కడ ఇంత పొందికగా! నిన్న రాత్రి మీ పోరు పడలేక రెండో వైపు మళ్ళీ పెట్టాను. టైటిల్ పాటలో మెక్‌డొనాల్డ్ పర్కషన్‌కు చోటిచ్చి, తాను సింబల్ మీద ఎంత తక్కువగా వాయించాడో. ఈ మనిషి చేతిలో ఎంత బలం ఉందో తెలిశాక ఆ తక్కువ వినడానికి భలే ఉంది.

దీన్ని పట్టుకుని నేను మారిపోయానని మాత్రం రాయకండి. మొదటి వైపు మీద నా మాట నా మాటే. హాన్‌కాక్ పక్కన ఉన్నాక వెనక నింపడానికి ఇంకెవరూ అక్కర్లేదు.

కొత్తశ్రోత

మెక్‌డొనాల్డ్ అంటే ‘వేర్ ఈజ్ ద లవ్’ రాసినాయనేనా? రాబర్టా ఫ్లాక్, డానీ హాతవే పాడింది?

వాల్తేరు_వినికిడి

ఆయనే. విలియం సాల్టర్‌తో కలిసి రాశాడు. అదీ 1972లోనే వచ్చింది. అంతకుముందు చాలా ఏళ్ళు హ్యారీ బెలఫాంటె బృందంలో వాయించాడు, కుటుంబానిది ట్రినిడాడ్ మూలం. ట్రినిడాడ్ పాట కాలిప్సో వేళ్ళు ‘సన్‌ఫ్లవర్’ లయలో వినపడతాయి.

బెజవాడ_రికార్డులు

మంద్రం గారూ, మొదటి వైపు గురించి నా పక్షం కూడా వినండి. ‘ఫర్ సమ్‌వన్ ఐ లవ్’ పది నిమిషాల పైచిలుకు పాట. అంతసేపు నిదానంగా నడిచే పాటలో వైబ్రాఫోన్ స్వరం ఎంత మోగినా కాసేపటికి చల్లారిపోతుంది, అది లోహం స్వభావం. వయొలిన్ స్వరం విల్లు నడిచినంతసేపూ నిలుస్తుంది. సెబెస్కీ ఎక్కడెక్కడ తీగలు తెచ్చాడో గమనించండి. జాక్సన్ స్వరం అణిగిపోయే చోట కింద పట్టుకుంటాడు, జాక్సన్ సోలో ఊపందుకోగానే చాలావరకు తప్పుకుంటాడు. సీటీఐలో అన్ని రికార్డులకూ ఈ మాట చెప్పను. కొన్నిటిలో మీరన్న పాకమే, నేనూ ఒప్పుకుంటా. ఇందులో మాత్రం ఆయన వాయిద్యం తెలిసి రాశాడు.

లెగ్రాండ్ పాటను మీకే వదిలేస్తున్నా. అక్కడ కాస్త ఎక్కువే అయింది.

మంద్రం72

రాసి పెట్టుకున్నా. “కాస్త ఎక్కువే అయింది”: బెజవాడ_రికార్డులు. ఫ్రేము కట్టిస్తా.

మాట మార్చకుండా ఇంకో సంగతి. దీని సీడీలో అదనంగా ‘ఎస్‌కేజే’ అని ఒకటి కలిపారు. జాక్సన్ బ్లూస్. ఇదే పాట 1961లో గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీతో చేసిన ‘బ్యాగ్స్ మీట్స్ వెస్’లో మొదట వస్తుంది, వింటన్ కెలీ, శామ్ జోన్స్, ఫిలీ జో జోన్స్‌తో. రెండూ పక్కపక్కన వినండి. అదే మనిషి, అదే మోటారు, అదే చేయి. చుట్టూ ఉన్నవాళ్ళు మారితే ఎంత తేడా వస్తుందో తేలుతుంది. నా దృష్టిలో వెస్‌తో చేసిందే పై మెట్టు.

టేపుహెడ్

అన్నా, ఆ లెక్కన నువ్వే బెజవాడ అన్న వాదనను నిరూపిస్తున్నావు. “అదే మోటారు, అదే చేయి” అని నువ్వే అన్నావు.

మంద్రం72

భోజనానికి వెళ్తున్నా.

ఎడిసన్_శ్రోత

:) :)

“బ్యాగ్స్” అంటే కళ్ళ కింద సంచుల వల్ల జాక్సన్‌కు వచ్చిన ముద్దుపేరు కదా? పటాలం నుంచి బయటికొచ్చాక నిద్రల్లేని రోజుల్లో పడిందని చదివాను.

వాల్తేరు_వినికిడి

అవును. మనిషి 1999 అక్టోబరు 9న పోయాడు, ఆ పేరు మాత్రం పాటల పేర్లలో ఉండిపోయింది. ‘బ్యాగ్స్ గ్రూవ్’ తెలియని జాజ్ వాద్యకారుడు ఉండడు.

కొత్తశ్రోత బాబూ, నువ్వు వెనక్కి వెళ్ళాలనుకుంటే ముందు ‘సోల్ బ్రదర్స్’, తర్వాత ‘బ్యాగ్స్ మీట్స్ వెస్’ విను. మంద్రం గారి జానీ లైటిల్ కూడా తప్పక విను, ఆయన చెప్పేవాటిలో అది నూటికి నూరుపాళ్ళూ నిజం. క్వార్టెట్ రికార్డులు ఆ తర్వాత. ముందే వింటే జాక్సన్ మరీ పెద్దమనిషి అనుకుంటావు.

కొత్తశ్రోత

థాంక్యూ మాస్టారూ. లైటిల్ ఇప్పుడే పెట్టాను. మంద్రం గారికి చెప్పండి, గది నిజంగానే వేడెక్కింది. ఏసీ లేదు లెండి, హాస్టలు.

నిర్వాహకుడు

రెండు మాటలు. ఒకటి, ఎల్పీ అమ్మినతని పేరు ఎవరూ ఇక్కడ అడగొద్దు, చెప్పొద్దు. అది మన నియమం. రెండు, సీటీఐలో జాక్సన్ తర్వాతి రికార్డులు ‘గుడ్‌బై’, ‘ఒలింగా’ మాట్లాడాలనుకునేవాళ్ళు కొత్త శీర్షిక పెట్టండి. హ్యూబర్ట్ లాస్ ఫ్లూటు అభిమానులు ఎలాగూ వస్తారు, ఇక్కడ చోటు చాలదు.

కృతిప్రియ

నిర్వాహకులు మన్నించాలి, ఇక్కడికే సంబంధించిన ప్రశ్న. ‘సన్‌ఫ్లవర్’ను మా పిల్లలతో వయొలిన్, మృదంగం మీద ప్రయత్నిద్దామనుకుంటున్నాను. ఆది తాళంలో పడుతుంది. మధ్య భాగంలో ఈ-ఫ్లాట్ మీద నాలుగు బార్లు, డి మీద నాలుగు బార్లు, ఆ జత రెండుసార్లు వస్తుందనే నేను లెక్కపెట్టాను. సోలోల్లో కూడా అలాగే ఉంచుతారా, లేక వాయించేవాళ్ళ ఇష్టమా?

బెజవాడ_రికార్డులు

మీ లెక్క సరైనదే మేడమ్. సోలోల్లోనూ మామూలుగా అదే చట్రం. మొదటి భాగం పదహారు బార్లు, మధ్య భాగం పదహారు బార్లు. పిల్లలకు మొదటి భాగం స్వరస్థానాలు కుదిరాకే మధ్య భాగం ఇవ్వండి. లేకపోతే అంతర గాంధారం ముందే తొంగిచూస్తుంది. రికార్డింగ్ చేస్తే ఇక్కడ పెట్టండి. మంద్రం గారు వయొలిన్ల గురించి ఏమంటారో నాకు వినాలని ఉంది.

మంద్రం72

ఆ వయొలిన్లకు నా అభ్యంతరం లేదు. పెట్టండమ్మా.